ఉప్పునీటిలో వరి నారు: యాంటీఆక్సిడెంట్ ఎంజైములు కొలిచిన ప్రాజెక్టు డైరీ

పని మొదలుపెట్టే ముందు

ఉప్పు తగిలిన వరి నారుకు రెండు దెబ్బలు పడతాయి. మొదటిది దాహం. వేళ్ల చుట్టూ నీళ్లున్నా లోపలికి లాగలేక ఆకు పత్రరంధ్రాలు మూసుకుంటుంది. ఇది నిమిషాల్లో మొదలవుతుంది. రెండోది సోడియం. అది రోజుల తరబడి ముదురు ఆకుల్లో పేరుకుని వాటిని లోపలినుంచే ఎండబెడుతుంది.

పత్రరంధ్రాలు మూసుకుంటే కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది కానీ ఎండ తగ్గదు. క్లోరోప్లాస్టులో కదలాల్సిన ఎలక్ట్రాన్లకు దారి మూసుకుపోయి, కొన్ని ఆక్సిజన్ మీదికి మళ్లి సూపరాక్సైడ్ (కణాన్ని దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ రూపం) పుడుతుంది. దాన్ని సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ (ఇకమీద ఎస్ఓడీ) హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ పెరాక్సైడ్‌ను పెరాక్సిసోములనే చిన్న సంచుల్లో కాటలేజ్, క్లోరోప్లాస్టులోనూ సైటోసాల్‌లోనూ (కణద్రవంలోనూ) ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్ (ఏపీఎక్స్) నీళ్లుగా మారుస్తాయి. కాటలేజ్ కుండలకొద్దీ పెరాక్సైడ్ ఉన్నచోట బాగా పనిచేస్తుంది. చుక్కంత మిగిలినా వదలకుండా పట్టుకునేది ఏపీఎక్స్. అయితే ప్రతిసారీ ఆస్కార్బేట్ ఖర్చవుతుంది, దాన్ని గ్లూటాథయోన్ చక్రం ఎన్ఏడీపీహెచ్ (కణం ఎలక్ట్రాన్లు దాచుకునే అణువు) పెట్టి తిరిగి తయారుచేస్తూ ఉండాలి. వీటన్నిటినీ తప్పించుకున్న పెరాక్సైడ్ ఇనుముతో కలిసి హైడ్రాక్సిల్ రాడికల్ అయితే కణ పొరల్లోని కొవ్వు దెబ్బతిని మాలొన్‌డైఆల్డిహైడ్ (ఎండీఏ) మిగులుతుంది.

అందుకే ఎస్ఓడీ, కాటలేజ్, ఏపీఎక్స్, ఎండీఏ, ఆకులో సోడియం పొటాషియం, ఆకు నీటి శాతం, ఈ ఆరూ కలిపే కొలుస్తున్నాం. ఎంజైములు మాత్రమే కొలిచి ఆపితే ఎలా బోల్తా పడతామో 20వ రోజు రాతలో కనిపిస్తుంది.

రకాలు రెండు. ఒకటి బీపీటీ 5204, అందరికీ తెలిసిన సాంబ మసూరి. బాపట్లలో పుట్టిన ఈ రకం అన్నంగా ఎంత బాగున్నా ఉప్పుకు ఓర్వదు. రెండోది ఎఫ్ఎల్ 478. ఐఆర్ 29 వరిని కేరళ తీరపు పొక్కలి వరితో కలిపి తీసిన వరస ఇది. ఉప్పును తట్టుకోవడంతో ముడిపడ్డ, ఒకటో క్రోమోజోము మీది సాల్టాల్ అనే భాగాన్ని మోస్తుంది. నారు దశలో ఉప్పు పరీక్షలకు దీన్ని తట్టుకునే రకంగా పక్కన పెట్టుకోవడం పరిపాటి.

0వ రోజు: తొట్లు, నీళ్లు

బేగంబజార్‌లో దొరికే 10 లీటర్ల ప్లాస్టిక్ తొట్లు 6. మూడు మామూలు ద్రావణానికి, మూడు ఉప్పుకు. తొట్టి మీద సరిగ్గా కూర్చునేలా థర్మోకోల్ పలక కోసి, దానికి రంధ్రాలు చేసి, అడుగున నైలాన్ దోమతెర కుట్టాం. ప్రతి తొట్టిలోనూ రెండు రకాలూ సగం సగం. ఒక తొట్టిలో 50 మొక్కలున్నా లెక్కకు అది ఒక్క నమూనానే, ఎందుకంటే ఆ 50కీ నీళ్లూ ఉప్పూ ఒకటే. మూడు తొట్లుంటేనే మూడు రెప్లికేట్లు. చాలా విద్యార్థి ప్రాజెక్టుల స్టాటిస్టిక్స్ ఇక్కడే కూలుతుంది.

తొట్టి బయట నల్ల కవరు చుట్టాలి. వెలుతురు తగిలితే వారంలో పాచి పట్టి, ద్రావణంలోని భాస్వరం దాని పాలవుతుంది.

నల్లా నీళ్లూ బోరు నీళ్లూ వద్దు. హైదరాబాద్ బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్ దండిగా ఉంటాయి. పీహెచ్ 5కి దించిన సాయంత్రానికే మళ్లీ పైకెక్కుతుంది. ఇంటి ఆర్ఓ నీళ్లనూ మీటరు పెట్టకుండా నమ్మొద్దు. రుచి కోసం కొంత ముడి నీళ్లు కలిపే మరలు చాలావాటిలో ఉంటాయి. డీమినరలైజ్డ్ నీళ్లే వాడాం.

ఉప్పు కూడా ల్యాబ్ గ్రేడ్ సోడియం క్లోరైడే. వంటింటి ప్యాకెట్ ఉప్పులో అయొడిన్, గడ్డకట్టకుండా వేసే పొడి ఉంటాయి. గళ్ల ఉప్పులో మెగ్నీషియం లవణాలు ఉంటాయి.

1 నుంచి 4వ రోజు: మండె కట్టడం

విత్తనాలు 50 డిగ్రీల అవెన్‌లో 4 రోజులు ముందే ఉంచి నిద్రావస్థ పోగొట్టాం. 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో 10 నిమిషాలు, తర్వాత 5 సార్లు కడుగు. 24 గంటలు నానబెట్టి, తడి గుడ్డలో 48 గంటలు మండె (మూటకట్టి మొలకెత్తించడం). రైతు గోనెసంచిలో చేసేదే, ఇక్కడ గిన్నెలో. ఎండాకాలం అయితే గుడ్డ లోపల వేడి పుట్టి వాసన వస్తుంది. పూటకోసారి విప్పి కలపాలి.

మొలక తెల్లగా ముక్కు పెట్టగానే దోమతెర మీదికి. వేరు కిందికి, రంధ్రానికి రెండు గింజలు. మూడు రోజులు ఉత్త నీళ్లే చాలు, గింజలో తిండి ఉంటుంది.

7వ రోజు: యోషిడా ద్రావణం

వరిని నీళ్లలో పెంచడానికి వాడే పోషక ద్రావణం ఇది. లీటరు స్టాకుకు (పలచన చేసి వాడే చిక్కటి ద్రావణానికి): అమ్మోనియం నైట్రేట్ 91.4 గ్రా., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ (రెండు నీటి అణువులది) 40.3 గ్రా., పొటాషియం సల్ఫేట్ 71.4 గ్రా., కాల్షియం క్లోరైడ్ (రెండు నీటి అణువులది) 117.4 గ్రా., మెగ్నీషియం సల్ఫేట్ (ఏడు నీటి అణువులది) 324 గ్రా. ఐదూ వేర్వేరు సీసాల్లో, సూక్ష్మపోషకాలు ఆరో సీసాలో. లీటరు నీళ్లకు ఒక్కోదాని నుంచి 1.25 మి.లీ., అంటే తొట్టికి 12.5 మి.లీ.

స్టాకులను ఒకదాంట్లో ఒకటి పోయకూడదు. కాల్షియం, ఫాస్ఫేట్ చిక్కగా కలిస్తే పాలలా విరిగి అడుగున కూర్చుంటాయి. తొట్టిలో ముందు నీళ్లు నింపి, ఒకటి పోసి కలిపాకే రెండోది.

ఒక చిన్న లెక్క గుర్తుంచుకోవాలి. ఈ ఫాస్ఫేట్ లవణం వల్ల ఉప్పు వేయని తొట్టిలోనూ సుమారు 0.32 మిల్లీమోలార్ సోడియం ఉంటుంది. కంట్రోల్ ఆకులో సోడియం సున్నా రాలేదని కంగారు పడక్కర్లేదు.

పీహెచ్ 5.0. రోజూ ఉదయం చూడాలి.

11వ రోజు: కొత్త ఆకులు పసుపు

రెండు తొట్లలో కొత్త ఆకు నరాల మధ్య పాలిపోయింది, పాత ఆకులు పచ్చగానే ఉన్నాయి. పాత ఆకు ముందు పసుపెక్కితే నత్రజని లోటు; కొత్త ఆకు అయితే ఇనుము. మీటరు పెడితే ఆ రెండింట్లోనూ పీహెచ్ 6 దాటింది. ఆ స్థాయిలో ఇనుము నీళ్లలో నిలవక తుప్పు రంగు మడ్డిగా దిగిపోతుంది. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో 5.0కి దించి, ఇనుము స్టాకు కొత్తగా (సిట్రిక్ ఆమ్లంతో కలిపి) తయారుచేసి పోశాం. పాలిపోయిన ఆకు మళ్లీ పచ్చబడదు, ఆ తర్వాతి ఆకు చూడాలి.

దీన్ని ఇక్కడ పట్టుకోవడం అదృష్టం. కాటలేజ్, ఏపీఎక్స్ రెండింటి గుండెలోనూ హీమ్ ఇనుమే ఉంటుంది. ఇనుము తక్కువైన మొక్కకు ఉప్పు పెట్టి ఎంజైము పడిపోయిందని రాస్తే, ఆ అంకె ఉప్పుది కాదు.

14వ రోజు: సగం ఉప్పు

లీటరుకు 3 గ్రా., తొట్టికి 30 గ్రా. ఇది సుమారు 51 మిల్లీమోలార్. పోషక ద్రావణంతో కలిపి ఈసీ (ద్రావణం కరెంటును ఎంత మోస్తుందో చెప్పే అంకె, ఉప్పుకు కొలత) మీటరుకు 6 డెసీసీమెన్స్ దగ్గర నిలవాలి. చౌడు నేల అనడానికి గీత 4, వరి దిగుబడి 3 దాటగానే తగ్గడం మొదలవుతుంది. ఆ లెక్కన 6 చిన్నదేం కాదు.

మొత్తం ఉప్పు ఒక్కసారే పోస్తే వేరు కణాలు నీళ్లు కోల్పోయి ముడుచుకుంటాయి. అప్పుడు కొలిచేది ఆ షాకునే. పొలంలో ఉప్పు అలా ఒక్క గంటలో రాదు.

దాహం దెబ్బనూ సోడియం దెబ్బనూ విడదీయడానికి ఇంకో వరస ఉంది: ఉప్పు లేకుండా నీటిని అంతే బిగపట్టే ద్రావణం. చాలామంది మానిటాల్ అనే చక్కెర ఆల్కహాలు వాడతారు. ఈ పనికి అది పనికిరాదు, మానిటాల్ తానే హైడ్రాక్సిల్ రాడికల్‌ను మింగుతుంది. పీఈజీ 6000 (పాలిఇథిలీన్ గ్లైకాల్, పెద్ద అణువు) తీసుకున్నాం. ఖరీదు కాబట్టి 1 లీటరు సీసాల్లో, మూడు. సగం ఉప్పుకు సరిపడా కిలో నీళ్లకు సుమారు 130 గ్రా., పూర్తి ఉప్పుకు సుమారు 195 గ్రా. (25 డిగ్రీల దగ్గర). ఉప్పు రెట్టింపైతే పీఈజీ కూడా రెట్టింపు, 260 గ్రా. అన్న లెక్క ఇక్కడ నడవదు, చిక్కదనం పెరిగేకొద్దీ పీఈజీ లాగే బలం అంతకన్నా వేగంగా పెరుగుతుంది. ద్రావణం జిగురుగా ఉండి ఆక్సిజన్ అందదు కనుక అక్వేరియం పంపు తప్పనిసరి.

17వ రోజు: పూర్తి ఉప్పు

ఇంకో 30 గ్రా. లీటరుకు 6 గ్రా. అయింది, ఈసీ 12.

మేడ మీద షేడ్‌నెట్ కింద పొడిగాలికి తొట్టి నీళ్లు రోజూ కిందికి దిగుతున్నాయి. నీళ్లు పోతాయి, ఉప్పు పోదు. ముందే తొట్టి లోపల గీత పెట్టుకుని ఆ గీత దాకా ఉత్త నీళ్లే కలపాలి. ఇక్కడ అలవాటుగా ఉప్పు ద్రావణం పోస్తే రెండు రోజుల్లో ఈసీ ఎక్కడికో పోతుంది. సాయంత్రం కూడా మీటరు పెట్టడం మొదలైంది.

19వ రోజు: బఫర్లు

ఒక మోలార్ డైపొటాషియం ఫాస్ఫేట్, ఒక మోలార్ మోనోపొటాషియం ఫాస్ఫేట్ స్టాకులు. పీహెచ్ 7.0కి వందలో 61.5, 38.5 పాళ్లు, 7.8కి 90.8, 9.2. 50 మిల్లీమోలార్‌కు పలచన చేశాక పీహెచ్ కాస్త కదులుతుంది, మళ్లీ చూసుకోవాలి.

ఎక్స్‌ట్రాక్షన్ బఫర్లు (ఆకును నూరి ఎంజైములు బయటికి తీసే, పీహెచ్ కదలని ద్రావణాలు) రెండు చేయాలి, ఒకటి సరిపోదు. ఏపీఎక్స్‌కు బఫర్‌లో 1 మిల్లీమోలార్ ఆస్కార్బేట్ ఉండి తీరాలి, అది లేకపోతే క్లోరోప్లాస్టు ఏపీఎక్స్ నిమిషం లోపే చచ్చిపోతుంది. అదే ఆస్కార్బేట్ ఎస్ఓడీ పరీక్షలో ఎన్‌బీటీని (సూపరాక్సైడ్ తగిలితే నీలమయ్యే పదార్థం) నేరుగా రంగు మార్చేసి లెక్క చెడగొడుతుంది. కాబట్టి ఎస్ఓడీకి, కాటలేజ్‌కు ఆస్కార్బేట్ లేని బఫర్. రెండింటిలోనూ 0.1 మిల్లీమోలార్ ఈడీటీఏ (లోహాల అయాన్లను పట్టి ఉంచేది), 1 శాతం పీవీపీపీ. నీటిలో కరగని ఈ పీవీపీపీ ఆకులోని ఫినాల్స్‌ను పట్టుకుని సెంట్రిఫ్యూజ్‌లో అడుగుకు పోతుంది. రీడింగుకు అడ్డం రాదు.

20వ రోజు: మొదటి నమూనాలు

ఉదయం 10 గంటలకే, అన్ని తొట్ల నుంచీ మూడో ఆకే. కాటలేజ్ వెలుతురులో పాడవుతూ మళ్లీ తయారవుతూ ఉండే ఎంజైము, ఒక తొట్టి ఉదయం, ఇంకోటి మధ్యాహ్నం కోస్తే పోలిక ఉండదు. ఆకు వయసు కూడా అంతే ముఖ్యం. సోడియం ముదురు ఆకులో పేరుకుంటుంది, లేత ఆకును మొక్క కాపాడుకుంటుంది.

0.5 గ్రా. ఆకు, 5 మి.లీ. బఫర్. కల్వం ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లో. ద్రవ నత్రజని ఉంటే ఆకును పొడి చేసి, అది కరిగేలోపు బఫర్ పోయాలి. లేకపోతే ఐసు మీద కల్వంలో చిటికెడు ఇసుకతో రెండు నిమిషాల్లో నూరేయాలి. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో 4 డిగ్రీల దగ్గర 12,000 జీ (భూమ్యాకర్షణకు అన్ని రెట్లు), 20 నిమిషాలు. 12,000 ఆర్‌పీఎం, 12,000 జీ ఒకటి కాదు. రోటర్ వ్యాసార్ధం 6 సెం.మీ. అయితే 12,000 ఆర్‌పీఎం ఇచ్చేది సుమారు 9,660 జీ మాత్రమే. లెక్క: 0.00001118 గుణించు వ్యాసార్ధం (సెం.మీ.) గుణించు ఆర్‌పీఎం వర్గం.

కాటలేజ్: 10 మిల్లీమోలార్ పెరాక్సైడ్, 240 నానోమీటర్లు. సీసా మీద 30 శాతం అని ఉంటే అది బరువుకు బరువా, ఘనపరిమాణానికి బరువా చూడాలి. మొదటిదైతే సుమారు 9.8 మోలార్, రెండోదైతే 8.8. పాత సీసా రెండూ కాదు. అందుకే లేబుల్ సంగతి వదిలి కువెట్‌లోనే (స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెట్టే చిన్న గిన్నె) తేల్చుకోవాలి: 10 మిల్లీమోలార్‌కు రీడింగు 0.436 రావాలి. క్వార్ట్జ్ కువెట్ తప్ప గాజు, మామూలు ప్లాస్టిక్ ఈ తరంగదైర్ఘ్యంలో చీకటి గోడలే.

లెక్క ఎలా అంటే: నిమిషానికి 0.060 తగ్గిందనుకుందాం, 1 మి.లీ. కువెట్, ఎక్స్‌ట్రాక్ట్ 50 మైక్రోలీటర్లు. 0.060ని 0.0436తో (1 మిల్లీమోలార్‌కు వచ్చే రీడింగు) భాగిస్తే నిమిషానికి 1.376 మైక్రోమోల్. మి.లీ. ఎక్స్‌ట్రాక్ట్‌కు 27.5. 0.5 గ్రా. ఆకు 5 మి.లీ.లో ఉంది కాబట్టి గ్రాము ఆకుకు 275. మొదటి 30 సెకన్లే లెక్కకు. ఆ తర్వాత ఆక్సిజన్ బుడగలు గోడకు అంటుకుని గీత వణుకుతుంది. వణికితే ఎక్స్‌ట్రాక్ట్ సగానికి తగ్గించాలి.

ఏపీఎక్స్: 0.5 మిల్లీమోలార్ ఆస్కార్బేట్, 0.1 మిల్లీమోలార్ పెరాక్సైడ్, 290 నానోమీటర్లు, గుణకం (1 మిల్లీమోలార్‌కు వచ్చే రీడింగు) 2.8. పెరాక్సైడ్ వేయకముందు రీడింగు 1.4 చుట్టూ ఉండాలి, ఎక్స్‌ట్రాక్ట్‌తో వచ్చిన ఆస్కార్బేట్ ఇంకో 0.14 కలుపుతుంది. మొదటి బ్యాచ్‌లో 1 కూడా రాలేదు. ఆస్కార్బేట్ ద్రావణం ముందురోజుది, గాలికి ఆక్సీకరణం చెందింది. పారబోసి అప్పటికప్పుడు కలిపితే సరిపోయింది. ఎంజైము లేకుండా ఒకసారి, పెరాక్సైడ్ లేకుండా ఒకసారి రేటు తీసి తగ్గించాలి.

ఎస్ఓడీ: పీహెచ్ 7.8 బఫర్, మెథియోనైన్ 13 మిల్లీమోలార్, ఎన్‌బీటీ 75 మైక్రోమోలార్, రైబోఫ్లేవిన్ 2 మైక్రోమోలార్, ఈడీటీఏ 0.1 మిల్లీమోలార్. రైబోఫ్లేవిన్ చివర్లో, మసక వెలుతురులో. వెలుతురు పెట్టెలో 10 నిమిషాలు, ఆపై 560 నానోమీటర్లు. రంగు రాకుండా సగం ఆపగలిగిన ఎంజైము ఒక యూనిట్. పెట్టె మూలల్లో ఉన్న గొట్టాలకు రంగు తక్కువ వచ్చింది, అది ఎస్ఓడీ గొప్పతనం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. లోపల అల్యూమినియం రేకు అంటించి, గొట్టాలను మధ్య వరసకే పరిమితం చేశాం. కరెంటు ఓల్టేజి కూడా ఊగుతుంది కనుక ప్రతి బ్యాచ్‌కూ దాని కంట్రోల్ దానికే. 60 శాతం దాటి ఆపితే గీత వంగిపోతుంది, పలచన చేసి మళ్లీ తీయాలి.

ఇక ఫలితం. ఎస్ఓడీ రెండు రకాల్లోనూ పెరిగింది, సాంబ మసూరిలో ఎక్కువ పెరిగింది. ఈ ఒక్క అంకె చూసి సాంబ మసూరికి రక్షణ బాగుందని రాసేయడం తేలిక. కానీ అదే రోజు దాని ఆకు కొసలు చుట్టుకుని తెల్లబడుతున్నాయి. ఎస్ఓడీ పెరగడం అంటే సూపరాక్సైడ్ ఎక్కువ పుడుతోందనీ కావచ్చు, ఇల్లు తగలబడుతున్న చోటే నీళ్ల బిందెలు ఎక్కువ కనిపిస్తాయి. పైగా ఎస్ఓడీ చేసేది పెరాక్సైడ్‌నే. వెనక ఏపీఎక్స్, కాటలేజ్ అందుకోకపోతే ఆ పెరుగుదల మేలు కాకపోగా భారం. సాంబ మసూరిలో కాటలేజ్ కంట్రోల్ కన్నా కిందికి దిగింది. ఎఫ్ఎల్ 478లో ఏపీఎక్స్ ఎస్ఓడీతో పాటే పైకెళ్లింది.

ఇంకో బోల్తా: గ్రాము ఆకుకు అని రాస్తే, ఉప్పు ఆకు వాడి నీళ్లు కోల్పోయి ఉంటుంది కాబట్టి ఎంజైము పెరిగినట్టు కనిపిస్తుంది. మిల్లీగ్రాము ప్రోటీనుకు అని రాస్తే, ఉప్పుకు ప్రోటీనే తగ్గి ఉంటే అప్పుడూ పెరిగినట్టే. రెండు రకాలుగానూ రాసి, పక్కన ఆకు నీటి శాతం పెట్టాలి. బ్రాడ్‌ఫర్డ్ పద్ధతిలో ప్రోటీను, 595 నానోమీటర్లు.

21వ రోజు: ఎండీఏ

0.2 గ్రా. ఆకు, 2 మి.లీ. 0.1 శాతం టీసీఏలో (ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం) నూరి, 10,000 జీ 10 నిమిషాలు. పై ద్రవం 0.5 మి.లీ.కి, 20 శాతం టీసీఏలో 0.5 శాతం టీబీఏ (ఎండీఏతో కలిసి గులాబీ రంగిచ్చే థయోబార్బిట్యూరిక్ ఆమ్లం) కలిపినది 2 మి.లీ. చల్లటి టీసీఏలో టీబీఏ కరగదు, 50 డిగ్రీలకు వెచ్చబెట్టాలి. 95 డిగ్రీల వాటర్‌బాత్‌లో 30 నిమిషాలు. హైదరాబాద్ సముద్రమట్టానికి అర కిలోమీటరు పైన ఉంది, ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 95 పెట్టిన బాత్ అంచుల్లో మరిగినట్టు కదిలినా భయం లేదు. మూతలు బిగిస్తే ఎగిరిపోతాయి, గోళీ పెట్టి వదులుగా మూయాలి. తీసిన వెంటనే ఐసులో.

532లో రీడింగు నుంచి 600లో రీడింగు తీసి, గుణకం 155తో భాగించాలి. ఆకులో చక్కెరలు, ఊదా రంగు ఆంథోసయనిన్ ఉంటే అవీ 532లో కలుస్తాయి. ఉప్పు తగిలిన ఆకులో చక్కెరలు పేరుకుంటాయి కాబట్టి ఈ పొరపాటు ఒక పక్కకే మొగ్గుతుంది. టీబీఏ లేని టీసీఏతో ఇంకో గొట్టం పెట్టి దాన్నీ తగ్గించాం.

ఉప్పు తొట్లలో సాంబ మసూరి ఎండీఏ బాగా పెరిగింది, ఎఫ్ఎల్ 478లో కంట్రోల్‌కు దగ్గర్లో ఉంది.

22వ రోజు: రంగు వేయడం

డీఏబీ (డైఅమినోబెంజిడిన్ అనే రంగు పదార్థం) మి.లీ.కి 1 మి.గ్రా., పీహెచ్ 3.8, చీకట్లో 8 గంటలు. పెరాక్సైడ్ ఉన్నచోట గోధుమ రంగు. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. వరి ఆకు మైనానికి ద్రావణం జారిపోతుంది, 0.05 శాతం ట్వీన్ 20 (సబ్బులా తడిపే పదార్థం) వేసి వాక్యూమ్ పెడితే ఎక్కింది. తర్వాత 95 శాతం ఇథనాల్‌లో పచ్చదనం పోయేదాకా వేడి. వాటర్‌బాత్ మీదే, మంట మీద కాదు. కోసిన అంచు ఎప్పుడూ గోధుమ రంగే, అది గాయానిది. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

24వ రోజు: సోడియం, పొటాషియం

ఎండబెట్టి పొడిచేసిన ఆకు, 100 మిల్లీమోలార్ ఎసిటిక్ ఆమ్లం (గ్లేసియల్ ఆమ్లం లీటరుకు 5.75 మి.లీ.), 90 డిగ్రీల దగ్గర 2 గంటలు, తర్వాత ఫ్లేమ్ ఫోటోమీటర్. గాజు గొట్టాల్లోంచి సోడియం ఊరుతుంది, ప్లాస్టిక్ గొట్టాలే వాడాలి. ఎండాకాలంలో ఇంకో దొంగ చెమట. ఒట్టి వేళ్లతో పట్టుకున్న కంట్రోల్ ఆకు ఉప్పు ఆకులా చదివింది. ఆ నమూనాలు పారేసి, పటకారుతో మళ్లీ.

సాంబ మసూరి మూడో ఆకులో సోడియం పొటాషియాన్ని మించింది. ఎఫ్ఎల్ 478లో మించలేదు, సాల్టాల్ భాగం చేసే పని అదే: సోడియాన్ని కాండం దారిలోనే వెనక్కి లాగి ఆకుకు చేరనివ్వకపోవడం. పీఈజీ సీసాల్లో రెండు రకాల ఎంజైములూ దాదాపు ఒకే దారి నడిచాయి. అంటే ఉప్పు తొట్లలో కనిపించిన తేడాలో పెద్ద వాటా సోడియం చేరడంలోని తేడాది, ఎంజైముల సత్తాది కాదు. యాంటీఆక్సిడెంట్ ప్రాజెక్టుకు ఇది కాస్త చేదు ఫలితమే, కానీ సోడియం కొలవకపోతే ఎస్ఓడీ కాలమ్ చూసి ఇంకేదో రాసి ఉండేవాళ్లం.

25వ రోజు: రెండో బ్యాచ్‌కు మార్పులు

నూరిన ఎక్స్‌ట్రాక్ట్‌ను ఇంటి ఫ్రిజ్ ఫ్రీజర్‌లో దాచడం బంద్. కరిగించేసరికి ఏపీఎక్స్ మిగల్లేదు. ఆకునే ద్రవ నత్రజనిలో ముంచి మైనస్ 80లో పెట్టాలి, లేదా కోసిన రోజే కొలవాలి. తొట్లను రోజు మార్చి రోజు స్థానం మార్చాలి, పడమటి గోడ వైపున్నవి మధ్యాహ్నం ఎక్కువ కాలాయి. నాలుగో తొట్టి ఒకటి అదనంగా. పూర్తి ఉప్పు వేసిన 6 గంటలకే ఒక కోత కూడా: సోడియం ఆకుకు పెద్దగా చేరకముందే ఎంజైము ఎటు కదిలిందో చూడ్డానికి.